ఫోను మాన్పించుటకు నగు ఖర్చు

గృహమునకు వచ్చు వస్తువుల వెలలు తెలిసికొనుటలో మన గృహిణులకు ఒకరు చెప్పవలసినది లేదు. బియ్యము పాతవో క్రొత్తవో, నూనె యే యంగడిలో చౌకయో, చింతపండు ఏ నెలలో కొని జాడీ కెత్తిన లాభమో వారికి తెలియును. ఐనను నెలనెలయు ఇల్లు దాటిపోవు సొమ్ములో నొక పద్దునకు ఇట్టి పరీక్ష జరుగుట లేదు. అది ఫోనునకును, ఇంటర్నెట్టునకును చెల్లించు పద్దు. చేరునాడు వెల యెంతయని అడుగుదుము. మానునాడు ఎంత పోవునని అడుగము. ఈ రెండవ ప్రశ్న అడుగకపోవుటవలన కొన్ని యిండ్లలో అక్కఱలేని తీగకు అద్దె కట్టుచున్నారు. మఱికొన్ని యిండ్లలో తొందరపడి మాన్పించి, చెల్లించిన సొమ్మును, అంతకంటె విలువగల సంఖ్యను కూడ పోగొట్టుకొనుచున్నారు.

మానుట యనగా ఏదో యొక్క రుసుము చెల్లించి బయటపడుట యని పలువురు తలంతురు. నిజమునకు ఆ ఖర్చు ముక్కలుముక్కలుగ పలుచోట్ల దాగియుండును. వానిని విడివిడిగ చూచినగాని మొత్తము తెలియదు. కావున మేము వానిని వరుసగ ఇచ్చట వివరించుచున్నాము.

ఇంటికి వచ్చు తీగ

మొదటిది ముందుగ చెల్లించిన సొమ్ము. ఆఱు నెలలకో, సంవత్సరమునకో ఒక్కసారి కట్టినచో వెల తగ్గింతురు. నడుమ మానినచో మిగిలిన నెలల సొమ్ము తిరిగి వచ్చునా రాదా యనునది ఒప్పందములోని షరతులను బట్టి యుండును. రెండవది స్థాపన ఖర్చు. "తీగ ఉచితముగ వేయుదుము" అను మాట వెనుక "ఇన్ని నెలలు ఉండవలెను" అను షరతు ఉండవచ్చును. గడువునకు ముందే మానినచో ఆ ఉచితము బిల్లులో చేరును. మూడవది పరికరము. గోడకు తగిలించిన రౌటరు తఱచుగ కంపెనీ సొత్తే. దానిని తిరిగి యిచ్చి రశీదు పుచ్చుకొననిచో దాని వెలను డిపాజిట్టులో విఱుగగొట్టుకొందురు. నాల్గవది చివరి బిల్లు. మనము మాన్పింప నిశ్చయించిన దినము వేఱు, కంపెనీ మానినట్లు వ్రాసికొన్న దినము వేఱు. ఆ రెంటి నడుమ అద్దె నడుచుచునే యుండును. కావున అర్జీని వ్రాతమూలకముగ పంపి, దాని సంఖ్యను, తేదీని ఇంటిలెక్కల పుస్తకమున వ్రాసికొనవలెను.

ఈ ముక్కలన్నియు కలిసి ఎట్లుండునో ఒక లెక్క వేసి చూతము. ఒక యింట ఇంటర్నెట్టునకు నెలకు 600 రూపాయలనుకొందము. దానిపై 18 శాతము జి.ఎస్.టి. చేరగా 708 రూపాయలగును. ఆ యింటివారు ఆఱు నెలలకు 4,248 రూపాయలు ముందుగనే కట్టినారు. నాలుగు నెలలు గడచిన పిదప వేఱొక కంపెనీ నెలకు 500 రూపాయలకే, అనగా పన్నుతో 590కే యిచ్చుననగా అందులో చేరదలచిరి. నెలకు 118 రూపాయలు మిగులునను సంతోషము సహజమే. కాని మొదటి కంపెనీ సొమ్ము తిరిగి యియ్యనిచో రెండు నెలలకు 1,416 రూపాయలు పోవును. క్రొత్త కంపెనీ స్థాపనకు పన్నుతో 1,180 రూపాయలు అడిగినచో పోయినది మొత్తము 2,596. నెలకు 118 చొప్పున ఇది పూడుటకు ఇరువదిరెండు నెలలు పట్టును. అదే గృహిణి రెండు నెలలు ఓపికపట్టి, గడువు ముగిసిన నాడు మాఱినచో స్థాపన ఖర్చు మాత్రమే మిగులును. అది పది నెలలలో పూడిపోవును. ఇందు కంపెనీ మాఱలేదు, వెల మాఱలేదు, మాఱిన తేదీ యొక్కటే లెక్కను మార్చినది.

దీనినిబట్టి ఎన్నడును మానరాదని మా యభిప్రాయము కాదు. ఎవరును ముట్టని టెలిఫోనునకు నెలకు 200 రూపాయల అద్దె నడుచుచున్నచో, పన్నుతో 236 చొప్పున ఏటికి 2,832 రూపాయలు పోవును. మానుట కెంత యని అడిగినట్లే, మానకుండుట కెంత యనియు అడుగవలెను.

మఱియొక చిన్నసంగతి. బ్యాంకు ఖాతానుండి దానంతటదియే సొమ్ము పోవునట్లు ఆటోపే అనుమతి యిచ్చియున్నచో, తీగ తెగినను ఆ యనుమతి తెగదు. చింత చచ్చినను పులుపు చావనట్లు బిల్లు వచ్చుచునే యుండవచ్చును. కావున దానిని బ్యాంకులోనో, ఫోనులోని యు.పి.ఐ. అనువర్తనములోనో వేఱుగ రద్దుచేయవలెను. రిజర్వుబ్యాంకు నియమము ప్రకారము ఇట్లు సొమ్ము పోవుటకు 24 గంటల ముందు ఖాతాదారునకు తెలియజేయవలెను. ఆ సందేశమును చదువక తుడిచివేయుట మంచిది కాదు.

డిపాజిట్టు

చేరునాడు కట్టిన డిపాజిట్టు మన సొమ్మే. మానిన పిదప దానిని తిరిగి యిచ్చుటకు టెలికాము నియంత్రణ సంస్థయగు ట్రాయి గడువును విధించియున్నది. ఐనను రశీదు పోయినదనియు, చిన్నమొత్తమేయనియు పలువురు విడిచిపెట్టుదురు. అట్లు కంపెనీల యొద్ద మిగిలిపోయిన వినియోగదారుల సొమ్ము కొఱకు ట్రాయి 2007లో ఒక ప్రత్యేకనిధిని ఏర్పఱచినదనగా, అడుగక విడిచిన సొమ్ము ఎంతటి సమస్యయో గ్రహింపవచ్చును. డిపాజిట్టు రశీదును బంగారపు కొట్టు చీటీతో సమానముగ దాచవలెను.

చేతి ఫోను సంఖ్య

ముందుగ రీఛార్జి చేయు ఫోనును మాన్పించుటకు రుసుమే లేదు. రీఛార్జి చేయకున్న చాలును. ఇచ్చట పోవునది సొమ్ము కాదు, సంఖ్య. బ్యాంకు, గ్యాసు, ఆధారు, పిల్లల బడి, అన్నియు ఆ పది అంకెలతోనే ముడిపడియున్నవి. బ్యాంకు పంపు ఓ.టి.పి. ఆ సంఖ్యకే వచ్చును. ట్రాయి 2013లో చేసిన ఏర్పాటు ప్రకారము వాడుక లేదను కారణముచేత 90 దినములకు లోపల ఏ సంఖ్యను తొలగింపరాదు. అప్పటికి ఖాతాలో 20 రూపాయలున్నచో అవి తీసికొని మఱి 30 దినములు పొడిగింతురు. కావున ఊరికి పోయి మూలబెట్టిన ఫోనులో నైనను ఇరువది రూపాయలుంచి, నడుమనడుమ ఒక పిలుపు చేయుచుండుట లాభము. తొలగించిన సంఖ్య కొంతకాలమునకు వేఱొకరికి చేరును. అప్పుడు మన ఖాతా సందేశములు అపరిచితుని చేతికి పోవును. సంఖ్యను నిజముగ విడువదలచినచో ముందు బ్యాంకు మొదలగు చోట్ల క్రొత్త సంఖ్యను వ్రాయించి, పిదప పాతదానిని విడువవలెను. ఏఱు దాటకమునుపే తెప్ప తగులబెట్టరాదు.

కంపెనీ నచ్చనిచో సంఖ్యను విడువ నక్కఱలేదు. సంఖ్యతో కూడ కంపెనీ మాఱు సౌకర్యము 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతట అమలులోనికి వచ్చినది. "పోర్ట్" అను ఆంగ్లపదమును, దాని వెనుక తమ సంఖ్యను వ్రాసి 1900కు సందేశము పంపినచో ఎనిమిది అక్షరముల సంకేతము వచ్చును. మన తెలుగునాట అది నాలుగు దినములు చెల్లును. దానితో క్రొత్త కంపెనీని ఆశ్రయింపవలెను. ఉన్న కంపెనీలో 90 దినములైనను గడచియుండవలెను. తరువాత చెల్లించు పద్ధతిలో నున్నవారు బిల్లు బాకీ తీర్చియుండవలెను. పాత ఖాతాలోని మిగులు క్రొత్తదానికి రాదు కావున రీఛార్జి గడువు ముగియవచ్చినప్పుడు మాఱుట మేలు.

ఎవరి పేర?

సోదరీమణులు ముఖ్యముగ గమనింపవలసినది ఇదియే. చేతిలో ఫోను మనదైనను, దాని సంఖ్య భర్త పేరనో కుమారుని పేరనో ఉండుట సామాన్యము. అట్టి సంఖ్యను మార్చుటకును, మాన్పించుటకును, పోయిన సిమ్మునకు మాఱుగ క్రొత్తది పొందుటకును అధికారము పేరు గలవారిదే. ఆ పురుషుడు దూరదేశమున నున్నను, దైవవశమున లేకపోయినను, తన బ్యాంకు సందేశమునే తాను పొందలేక స్త్రీ కష్టపడును. అందఱును క్షేమముగ నున్న దినములలోనే తగిన పత్రములు చూపి పేరు మార్పించుకొనుట వివేకము. తన పేర ఎన్ని సంఖ్యలున్నవో కేంద్రప్రభుత్వము 2023లో ప్రారంభించిన సంచార్ సాథీలో చూచుకొనవచ్చును. తనవి కానివి కనబడినచో అచ్చటనే తెలుపవచ్చును.

న్యాయము చెప్పునది

ఒప్పందమున జుల్మానా వ్రాసియున్నంత మాత్రమున అదంతయు న్యాయము కాజాలదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను ప్రకారము, వ్రాసిన మొత్తమునకు మించకుండ తగిన పరిహారము మాత్రమే చెల్లును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, కలిగిన నష్టమునకు మించిన జుల్మానాను, మితిమీరిన డిపాజిట్టును అన్యాయపు ఒప్పందము లక్షణములలో చేర్చినది. చేరుట సులభముగను, మానుట దుర్లభముగను ఏర్పఱచు చందాల ఉచ్చును 2023 నవంబరు 30న వెలువడిన మార్గదర్శకములు నిషేధించినవి. టెలికాము కంపెనీలపై వినియోగదారుల కమిషనులలో ఫిర్యాదు చేయవచ్చునని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పినది.

కష్టము కలిగినచో మొదట కంపెనీ ఫిర్యాదు కేంద్రమునకు తెలిపి, ఫిర్యాదు సంఖ్యను తప్పక పుచ్చుకొనవలెను. తీరనిచో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రుసుము లేకుండ వ్రాయవచ్చును. 1915 సంఖ్యకు పిలిచినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము సలహా చెప్పును.

ఇంతకును మానునాటి ఖర్చు చేరిననాడే నిర్ణయమగుచున్నది. కావున క్రొత్తగ చేరునప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగవలెను: ఎంతకాలము ఉండవలెను? నడుమ మానినచో ముందు కట్టినది ఎంత తిరిగి వచ్చును? పరికరము ఎవరిది? డిపాజిట్టు ఎన్ని దినములలో ఇత్తురు? నోటిమాటలు నీటిమూటలు, సమాధానములు కాగితముమీదనో, సందేశరూపముననో ఉండవలెను. వానిని పాలపద్దు, చాకలిపద్దు వ్రాసికొను పుస్తకముననే ఒక పుటలో వ్రాసి, చేరిన తేదీని, గడువు తేదీని పైన వేసికొనినచో, మాన్పింపవలసిన దినము వచ్చినప్పుడు ఎవరినో బ్రతిమాలుకొను పని యుండదు. సోదరీమణులు ఈ నెల బిల్లు వచ్చినప్పుడే ఈ పుటను తెఱతురుగాక.