పుట్టిలో ఒక దినము: కొర్రమట్ట వేట



మృగశిర కార్తె ప్రవేశించిన దినమున చేపలు తినవలెనను ఆచారము మన తెలంగాణమున ఇంటింట నున్నది. ఎండలు తగ్గి, తొలకరి పడి, నేల చల్లబడిన ఆ దినములలో చేపల యంగళ్లయొద్ద నిలుచుటకైనను చోటుండదు. సరిగా ఆ కాలముననే మన చెఱువులలో కొర్రమట్ట గ్రుడ్లు పెట్టి పిల్లలను కాచుకొన నారంభించును. మనకు పండుగయు, చేపకు పురుడును ఒక్కమాఱే వచ్చుచున్నవి. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుట యెట్లు అనునదియే నేటి ప్రసంగవిషయము. అందులకు మొదట ఆ చేప నడవడి తెలియవలెను. అది తెలియవలెనన్న వేటకాని పుట్టిలో ఒక దినము కూర్చుండి చూడవలెను.

బాలాపూరు మొదలగు చుట్టుపట్టు గ్రామములవారు ఇబ్రహీంపట్నపు పెద్దచెఱువు నెఱుగుదురు. 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు ఆ పట్టణమునకు నిలిచినది. అంత పెద్దది కాకున్నను మన గ్రామములకు ఒక చెఱువో కుంటయో ఉండుట వాడుక. వీనియందు చేపలు పట్టి జీవించువారు బెస్తలు, గంగపుత్రులు, ముదిరాజులు. పలుచోట్ల వారు మత్స్య సహకార సంఘములుగా నేర్పడియున్నారు.

పుట్టి యనగా వెదురు బద్దలతో నల్లిన గుండ్రని పెద్దగంప. దీనినే అరిగోలనియు నందురు. పూర్వము దీనికి వెలుపల పశువుల తోలు కప్పెడివారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్ట కప్పి తారు పూయుచున్నారు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన డొమింగో పేయిస్ అను పోర్చుగీసు యాత్రికుడు, అచటి నదిపై తోలు కప్పిన ఇట్టి గంపపడవలు పదునైదు ఇరువదిమందిని దాటించుచుండెననియు, అవి తిన్నగా సాగక గిరగిర తిరుగుచు పోవుననియు వ్రాసియున్నాడు. ఉత్తర ధ్రువమునకు దాపున నుండు ఇన్యూట్ జనులు కఱ్ఱచట్రముపై సీలుతోలు కప్పి, కయాక్ అను సన్నని పడవ చేసికొనిరి. నేడు పాశ్చాత్యదేశములలో వినోదముకొఱకు అట్టి పడవలెక్కి నదులలో బాసు అను చేపను వేటాడుదురు. కయాక్ బాణమువలె ముందునకు దూసికొనిపోవును. మన పుట్టి బొంగరమువలె తిరుగును. అయినను రెండింటికిని గల మేలు ఒక్కటియే. రెండును కొద్దిలోతు నీటిలో తేలును గనుక పెద్దపడవ చొరలేని తుంగలోనికిని తామరాకులలోనికిని చప్పుడు లేకుండ పోగలవు. కొర్రమట్ట యుండునదియు అచటనే.

ఇక ఆ దినమునకు వత్తము. తెల్లవాఱకమునుపే మామయు అల్లుడును పుట్టిని ఒడ్డునుండి నీటిలోనికి త్రోసిరనుకొందము. మనమును మనస్సుచేత వారితో కూర్చుందము. అల్లుడు ముందువైపు వంగి తెడ్డుతో నీటిని తనవైపునకు లాగుచున్నాడు. ఈ విధముగ లాగినగాని పుట్టి తిరుగుట మాని ముందునకు రాదు. తెడ్డు నీటికి కొట్టుకొని చప్పుడైనచో ఆ పూట వేట పోయినట్లే. మామచేత గాలపుకఱ్ఱయు, నైలాను త్రాడును, దాని కొనను ఎఱగా గ్రుచ్చిన చిన్నకప్పయు నున్నవి. ఇద్దఱి నడుముననుంచి ఒక గాలి నింపిన లారీట్యూబు పుట్టికి కట్టియున్నది. ఈత వచ్చినవాడును తుంగవేళ్లలో కాళ్లు చిక్కి మునిగిపోవచ్చును గావున దానిని మఱవరాదు.

ఎండ యెక్కకమునుపు కొర్రమట్ట ఒడ్డుదాపున మేతకు తిరుగును. మామ నీటిపై కన్ను వేసి కదలక కూర్చున్నాడు. ఆతడు చూచునది చేపను కాదు, దాని ఊపిరిని. ఇతర చేపలు నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించి బ్రదుకును. పెరిగిన కొర్రమట్టకు ఆ ప్రాణవాయువు చాలదు. దాని తలలో మొప్పలకు పైన గాలి నిలుపుకొను గది యొకటి కలదు. అందుచే అది పలుమాఱులు నీటిపైకి వచ్చి గాలి మ్రింగి పోవలెను. పైకి రానీయక వలలో నొక్కిపెట్టినచో చేపయైయుండియు నీటిలోనే ఊపిరాడక చచ్చును. అట్లు గాలి మ్రింగునపుడు చిన్న గుటుకు చప్పుడగును. ఒకటి రెండు బుడగలు లేచును. అనుభవజ్ఞుడు ఆ గుర్తునుబట్టి చేప యేవైపు పోవుచున్నదో ఊహించి, దానికి ముందుగా కప్పను వేయును.

కప్ప నీటిపై గంతులిడినట్లు త్రాటిని మెల్లగా ఆడించవలెను. తామరాకు క్రిందినుండి నీరు ఒక్కసారి పగిలినట్లగును. అప్పుడు తొందరపడి లాగినచో గాలము నోటినుండి జాఱిపోవును. ఎఱను నోట కఱచుకొని అది ప్రక్కకు తిరుగువఱకు ఓర్చి, అటుపిమ్మట గట్టిగా గుంజవలెను. గుంజిన తరువాత దానిని తుంగమొదళ్లలోనికి పోనీయరాదు. ఇట్లు ప్రొద్దెక్కువఱకు మామ రెండు చేపలను పట్టి తడిగోనెలో చుట్టి పెట్టెను. గాలి పీల్చు చేప గనుక అవి సంతకు చేరువఱకు ప్రాణముతో నుండును. ప్రాణముతో అమ్ముడుపోవుటయే కొర్రమట్టకు ఇతర చేపలకంటె వెల యెక్కువ పలుకుటకు ఒక కారణము. ముండ్లు తక్కువ యగుట మఱియొకటి.

ఎండ ముదిరిన పిమ్మట పుట్టి ఒడ్డునగల జమ్ముపొదవైపునకు తిరిగినది. అచట నీటిపై జల్లెడంత మేర ఎఱ్ఱగా మసలుచున్నది. దగ్గఱకు పోయి చూచినచో అవి కొర్రమట్ట పిల్లలు, వేలకొలది. ఒక్కొక్కటి వడ్లగింజంత కూడ లేదు. గుంపంతయు ఒకసారి పైకి వచ్చి గాలి మ్రింగి మఱల దిగుచున్నది. వాని క్రింద నల్లని నీడ యొకటి తిరుగుచున్నది. అల్లుడు గాలమందుకొనెను. మామ చేయి పట్టుకొని, "వద్దురా అల్లుడా, పిల్లలతోటి ఉన్నది" అనెను.

ఆ ఒక్కమాటలో ఎంత శాస్త్రమున్నదో విన్నవింతును. వానకారు రాగానే కొర్రమట్ట జంట లోతులేని నీటిలో గడ్డిని ప్రక్కకు త్రోసి గుండ్రని చోటు చేసికొనును. గ్రుడ్లు నీటిపై తేలును. ఒకటి రెండు దినములలో పిల్లలు వెడలును. అది మొదలు కొన్ని వారములవఱకు తల్లిగాని తండ్రిగాని రెండుగాని క్రిందనుండి వానిని కాచుచుండును. కప్ప వచ్చినను, పాము వచ్చినను, మనుష్యుని కాలు తగిలినను పైబడి కఱచును. ఆకలి లేకున్నను ఎఱమీదికి దుముకును. పిల్లల గుంపులో గాలము వేసినవానికి చేప తప్పక చిక్కుటకు కారణము ఇదియే. ఇది వేటకాని నేర్పు కాదు. చేపకు గల సంతాన వాత్సల్యమే దానికి ఉరి యగుచున్నది.

ఈ మాట నేను అనుభవపూర్వకముగ చెప్పుచున్నాను. బాల్యమున నేనొక కుంటలో ఇట్టి గుంపునడుమ గాలము వేసి పెద్దచేపను పట్టితిని. ఇంటిలో అందఱును మెచ్చుకొనిరి. మఱునాడు ఆశతో మఱల పోయి చూడగా ఆ చోట నీరు ఊరక నిలిచియున్నది. ఒక్క పిల్లయు లేదు. చిన్నచేపలు, కప్పలు, కొంగలు వానిని తినివేసియుండును. ఒక పూట కూరకు ఒక తరమును చెల్లించితినని తెలిసికొనుటకు నాకు చాల యేండ్లు పట్టినది.

బాసు చేప విషయమును ఇట్టిదే. ఆ జాతిలో మగచేప గూడు త్రవ్వి గ్రుడ్లను కాచును. దానిని గాలముతో పట్టి, తూచి, మఱల నీటిలో విడిచినను, ఆ కొద్దిసేపటిలోనే ఇతర చేపలు గూటిపై బడి గ్రుడ్లను తినుచున్నట్లు శాస్త్రజ్ఞులు గమనించిరి. అందుచే కెనడా దేశమందలి ఆంటారియో రాష్ట్రమున పెక్కుచోట్ల బాసు పిల్లలను కాచుకాలమున దాని వేటను నిషేధించియున్నారు. మన తూర్పు సముద్రతీరమునను ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవలు వేటకు పోరాదను నియమము కలదు. చెఱువులలో ప్రేలుడు మందుతోను విషముతోను చేపలను చంపుట 1897 నాటి మత్స్యచట్టముననే నేరమైనది. కాని జమ్ముపొదలో ఎవడు ఏ గుంపుపై గాలము వేయుచున్నాడో ఏ అధికారియు వచ్చి కావలికాయజాలడు. అది ఊరివారు తమంత తాము చేసికొనవలసిన కట్టుబాటు.

దీనికి మూడు ఆక్షేపణలు వినవచ్చును. మొదటిది, వేట మానినచో బెస్తవాని పొయ్యి యెట్లు మండుననునది. న్యాయమైన ప్రశ్న. బొచ్చె, రోహు మొదలగు చేపలు ప్రవహించు నదినీటిలో గ్రుడ్లు పెట్టునుగాని నిలువనీటి చెఱువులో సాధారణముగ పెట్టవు. అందుకే వాని పిల్లలను ఏటేట తెచ్చి వదలవలసివచ్చుచున్నది. 2016లో తెలంగాణ ప్రభుత్వము చేపపిల్లలను ఉచితముగ పంచు పథకము నారంభించినది. కావున వానకారులో ఎదిగిన బొచ్చెను, రోహును లోతునీటిలో వలవేసి పట్టుకొన్నచో చెఱువుసంతతికి లోపము రాదు. ఒడ్డుదాపుననున్న కొర్రమట్టను మాత్రము విడువవలెను.

రెండవది, కొర్రమట్ట మాంసాహారి. వదలిన చేపపిల్లలను అదియే తినును, దానిని కాచుట యేల అనునది. అది నిజమే. చిన్నకుంటలో చేపలను పెంచువాడు దానిని తొలగించుకొనుట తప్పుగాదు. పెద్దచెఱువులో మాత్రము అది తినునవి పనికిరాని చిన్నచేపలు, కప్పలు కూడ. కొంత పెరిగిన పిల్లలను తెచ్చి వదలినచో ఈ నష్టము చాలవఱకు తగ్గును.

మూడవది, నేను విడిచినచో మఱియొకడు పట్టును గదా అనునది. ఒంటరివానికి ఈ మాటకు బదులు లేదు. అందుచేతనే ఇది పెద్దలు నలుగురు కూర్చుండి తీర్చవలసిన పని. మృగశిరకు ముందే సంఘమువారిని పిలిచి, రెండు నెలలపాటు పిల్లల గుంపుపై గాలము వేయరాదనియు, ఆ పిల్లలను గుడ్డలతో తోడరాదనియు, జమ్మున్న మూల నొకదానిని వల లేకుండ విడువవలెననియు నిశ్చయించుకొనవచ్చును. ఇందులకు కాసు ఖర్చు లేదు. బడిపిల్లలకుకూడ చెప్పినచో వారే మంచి కావలివాండ్రగుదురు.

2016లో కొర్రమీనును తెలంగాణ రాష్ట్రపు చేపగా ప్రకటించిరి. ఆ గౌరవమునకు అది తగినదే. వానలు లేని యేట చెఱువు ఎండినపుడు ఇతర చేపలు చచ్చి తేలును. కొర్రమట్ట బురదలో దూఱి, ఆ తడి ఆఱకున్నంతకాలము గాలి పీల్చుచు, వానకొఱకు నిరీక్షించును. మన మెట్టపొలముల రైతువలె అది కఱవు నోర్చుట నేర్చినది. ఇట్లు కఱవునుండి తప్పించుకొని, తొలివానకు బయటపడి, పిల్లలను కాచుకొనుచుండగా గాలమునకు చిక్కుటయే దాని దురదృష్టము.

సాయంకాలమునకు మామయు అల్లుడును రెండు చేపలతోనే ఒడ్డుచేరిరి. మూడవది చెఱువులోనే యున్నది. దాని పిల్లలు చేతికి వచ్చు నాటికి ఆ చెఱువు అల్లునిది, అటుపిమ్మట వాని బిడ్డలది. రాబోవు మృగశిరకు మీ యూరి రచ్చకట్టపై ఈ మాటను ఒక్కసారి చర్చింపుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.