అడ్డు తాడు

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున ఇద్దరు మిత్రులు 1995లో కేవలము పరిహాసమునకై ఒక పండుగను కల్పించిరి. సెప్టెంబరు 19వ తేదీన ఎల్లరును సముద్రపు దొంగల వలె మాటాడవలెనని దాని నియమము. 2002లో డేవ్ బారీ యను హాస్యరచయిత పత్రికలో దానినిగూర్చి వ్రాయుటతో అది లోకమెల్ల ప్రాకెను. నేడు చిన్న చిన్న సంస్థల ఉద్యోగులు ఆనాడు ఒక కంటికి గంత గట్టుకొని, యజమానిని ఉత్తుత్తిగా బెదిరించి, ఫలహారము ముగించి మరల లెక్కలలో మునుగుచుందురు. ఈ దొంగవేషపు వేడుక మన భద్రాచలపు టడవులకు క్రొత్తది కాదు. ఇక్కడి దొంగలు మాత్రము స్త్రీలు.

వేసవి ముదిరి తొలకరి ఇంకను రాకమునుపు, భద్రాచలమునుండి చింతూరు దిక్కుగా పోవు బాటసారికి ఏదో యొక మలుపున దారికడ్డముగా తాడు కనబడును. తాడు లేనిచోట వెదురుబొంగు. ఇరుకొనల ఇద్దరు కోయ వనితలు, నడుమ భుజముల మీదుగా చేతులు పెనవేసికొని రేలపాట అందుకొన్నవారు, పాటకు కలియక నవ్వాపుకొనలేని పిల్లలు. లారీ ఆగును. "అన్నా, పండుగ! పైసలిచ్చి పో." డ్రైవరు జేబు తడుముకొని అయిదు రూపాయల బిళ్ళ తీసినచో, దానిని వెలుతురున కెత్తి పరీక్షించి, పాటను రెండింతల బిగ్గరగా మరల మొదలిడుదురు. పదిరూపాయల నోటు వచ్చుసరికి తాడు నేలకు జారును.

ఇది భూమి పండుగ; కోయవారి మాటలో విజ్జ పండుం. ఒడిశాలోని మల్కన్‌గిరి కోయలును దీనినే బిజ పండు అను పేర జరుపుచు ఇట్లే దారులు కాయుదురు. ఇంటింటినుండి తెచ్చిన విత్తనములను ఒక్కచోట పోసి, భూమికి మ్రొక్కి, మరల పంచుకొన్న పిదపగాని పొలమున గింజ పడదు. మగవారు విల్లంబులతో వేటకు పోవుట ఆచారము. రిక్తహస్తములతో వచ్చినవానికి ఎదురగునది ఆడువారి ఎగతాళియే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత వేట నిషిద్ధమయ్యెను గనుక, మగవారి పౌరుషమునకు కొంత కొరత కలిగినను, ఆడువారి సుంకమునకు మాత్రము ఏ చట్టమును అడ్డు రాలేదు.

ఈ పండుగలో నాకు మిక్కిలి రుచించునది ఆ తాడే. అడవి బాటలలో గేటు వేయుట సర్కారు పని. వెదురుమోపుతోనో కట్టెలమోపుతోనో వచ్చు గూడెపు ఆడుది దాని ముందు నిలబడి సమాధానము చెప్పవలసినదే. తునికాకు కోసి కల్లములో కట్టలు లెక్క పెట్టించుకొను ఈ ఋతువులోనే, ఏడాది పొడుగున ఆపబడునట్టి ఆమె ఒక్క పూట ఇతరుల నాపును. కార్యాలయములలో ఉత్తరువు మీద పుట్టించెడు ఉల్లాసమునకు ఇంతటి హక్కు ఎక్కడిది?

కారులలో పోవువారు కొందరు విసుగుకొందురు. రాములవారి హుండీలో నూరు రూపాయలు వేసి వచ్చిన భక్తుడే తాడు కడ పదిరూపాయలకు ధర్మశాస్త్రము విప్పును. పాల్వంచ పరగణా తహశీల్దారుగా నుండి, శిస్తు సొమ్మును కోవెలకు వెచ్చించి, తానీషా కాలమున గోలకొండ చెరను చవిచూచిన కంచర్ల గోపన్న మెలగిన సీమ యిది. ఇచ్చట వసూలైన పైకము వేడుకకు మళ్ళుట నేటి వింత కాదు. బలవంతపు వసూలు తప్పే. కాని పాట విని నవ్వినవానిని చిల్లర లేకున్నను విడిచిపుచ్చుట కలదు. ముఖము మాడ్చుకొన్నవానికే జాగు.

సాయంకాలమునకు కొంగుముడిలోని పైకము అందరి యెదుట విప్పబడి, బియ్యమునకును కోళ్ళకును పోవును; జీలుగుకల్లు ఆనపబుర్రలలో తిరుగును. పద్దు వ్రాయువారెవరును లేరు, అడుగువారును లేరు.

తిథి అందరికిని ఒక్కటి కాకపోవుట మాత్రము లారీవారి దురదృష్టము. ప్రతి గూడెమును పెద్దల మాట ప్రకారము తన దినమును తానే పెట్టుకొనును గనుక, పక్షము పొడుగున ఏదో యొక తాడు ఎదురగుచునే యుండును. "వెనుక గూడెములో ఇచ్చి వస్తిని గదమ్మా" యని డ్రైవరు మొరపెట్టుకొన్నచో జవాబు సిద్ధము:

"అది వాళ్ళ పండుగ, అన్నా. ఇది మాది."