ఆకు ఎండితే వేరు చూడాలి

బళ్లారి, రాయచూరు వైపు మన బడుల పిల్లల్లో చాలామందికి శనగ చేను కొత్త కాదు. అక్టోబరు, నవంబరుల్లో నల్లరేగడిలో విత్తుతారు. ఆ తర్వాత వాన పెద్దగా ఉండదు. నేలలో మిగిలిన తేమను వెతుక్కుంటూ తల్లివేరు లోతుకు దిగుతుంది. కాయ గట్టిపడే దాకా పైరును నిలబెట్టేది ఆ వేరే.

పూత, కాయ దశలో ఎండ ముదిరి, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటి, నేల కూడా ఎండిపోతే చేనులో అక్కడక్కడా మొక్కలు గడ్డి రంగుకు తిరిగి ఉన్నట్టుండి ఎండుతాయి. చాలాసార్లు ఇది నీటి ఎద్దడే అనుకుంటారు, లేదా ఆకు మీద ఏదో మందు కొడతారు. మొక్కను పీకితే అసలు సంగతి తెలుస్తుంది. తల్లివేరు నల్లబడి పుల్లలా పుటుక్కున విరుగుతుంది. కింది సగం నేలలోనే ఉండిపోతుంది. పిల్లవేర్లు దాదాపు ఉండవు. వేరును చీల్చి భూతద్దంతో చూస్తే ఆవగింజకన్నా ఎంతో చిన్నవైన నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి మాక్రోఫోమినా అనే శిలీంధ్రం దాచుకున్న విత్తనాల్లాంటివి. ఏళ్ల తరబడి మట్టిలో ఓపిగ్గా కాచుకుంటాయి. దీన్నే ఎండు వేరుకుళ్లు అంటారు.

ఈ శిలీంధ్రం మన నేలలో కొత్తగా పుట్టింది కాదు. మారింది వాతావరణం. దాహంతో ఉన్న మొక్క తనను తాను కాపాడుకోలేదు. శిలీంధ్రానికేమో వేడి అంటేనే ఇష్టం. ఒకప్పుడు చిన్న తెగులుగా లెక్కవేసిన దీన్ని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇప్పుడు పెద్ద ముప్పుగా చూస్తున్నారు.

ఎండు తెగులు అని మరొకటి ఉంది. పేర్లు దగ్గర, రోగాలు వేరు. ఇది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం పని. ఇందులో వేరు పైకి బాగానే కనిపిస్తుంది. నిలువునా చీలిస్తేనే లోపల గోధుమ, నలుపు చార బయటపడుతుంది. ధార్వాడ జిల్లాలోని ఊరి పేరు పెట్టుకున్న అణ్ణిగేరి రకం ఒకప్పుడు ఈ ప్రాంతమంతా ఏలింది. ఎండు తెగులును తట్టుకునే జేజీ 11 వచ్చాక చాలాచోట్ల దాన్ని వెనక్కి నెట్టింది. ఎండు వేరుకుళ్లును అంత గట్టిగా ఆపే రకం మాత్రం ఇంకా రైతు చేతికి రాలేదు.

విత్తిన కొత్తలో అకాల వాన పడితే కథ తిరగబడుతుంది. తడి నేలలో మొదలు కుళ్లు లేత మొక్కలను పడగొడుతుంది. మొదలు దగ్గర తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి ఉండలు దాని గుర్తు.

పంట మార్పిడి మంచిదే. అయితే రబీ జొన్నకు వచ్చే బొగ్గు కుళ్లుకూ మాక్రోఫోమినాయే కారణం కాబట్టి, శనగ తర్వాత జొన్న వేసినంత మాత్రాన అది పోదు. కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పొడి పట్టించడం, సకాలంలో విత్తడం, వీలుంటే కాయ దశలో ఒక తడి ఇవ్వడం రైతుకు అందుబాటులో ఉన్న పనులు.

సైన్సు మాస్టార్లకు ఒక మాట. జనవరిలో చేను యజమానిని అడిగి, ఎండిన మొక్కలు రెండు, పచ్చటివి రెండు తరగతికి తెప్పించండి. వేళ్లు పక్కపక్కన పెట్టి పిల్లలతో బొమ్మలు గీయించండి. కింద తెలుగులో వేరు అనీ, కన్నడంలో బేరు అనీ రాయించండి. తమిళనాడు బడుల పిల్లలైతే వేర్ అని రాస్తారు. వ్యవసాయాధికారి ఊరికి వచ్చి కన్నడంలో అడిగినప్పుడు, ఇంట్లో తెలుగే మాట్లాడే నాన్నకు ఆ బొమ్మ పనికొస్తుంది.