ఒక చక్రానికే బ్రేకు ఎందుకు అరుగుతుంది?

మా బంధువు ఒకాయన సెకండ్‌హ్యాండులో మారుతి 800 కొన్నారు. ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయినా పల్లెల్లో ఇంకా కొన్ని ఇళ్ల ముందు కనిపిస్తూనే ఉంది. కొన్న ఆరు నెలల్లో ముందు ఎడమ చక్రం బ్రేక్ ప్యాడ్లు రెండుసార్లు అరిగిపోయాయి. కుడివైపువి దాదాపు కొత్తవాటిలాగే ఉన్నాయి. రెండుసార్లూ మెకానిక్ కొత్తవి వేసి, "పాత బండి కదండీ, అంతే" అని పంపేశాడు. మూడోసారి అనంతగిరి ఘాట్ రోడ్డు దిగుతుంటే పెడల్ మెత్తగా లోపలికి పోయింది. బండిలో ఇద్దరు పిల్లలు, వాళ్ల అమ్మమ్మ ఉన్నారు. ఆయన గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కొండవైపు ఆపగలిగారు.

జరిగిందేమిటంటే, కాలు తీసేసినా ఎడమ చక్రానికి బ్రేకు వదలడం లేదు. ఆ రాపిడికి చక్రం వేడెక్కి, లోపలి బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు పుట్టాయి. ఆయిల్ నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే పెడల్ కిందికి దిగిపోతుంది. పైగా బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన పాత ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. కాబట్టి రెండేళ్లకొకసారి మార్చడం మంచిది. ఇలాంటి బండికి కొత్త ప్యాడ్లు వేసి ఊరుకోవడం జ్వరం వచ్చినవాడికి దుప్పటి కప్పి పంపడం వంటిదే.

అయితే ఎక్కువ అరిగిన చక్రానిదే తప్పు అనుకోకూడదు. కొన్నిసార్లు రెండోవైపు బ్రేకు బొత్తిగా పనిచేయదు. అప్పుడు బండిని ఆపే భారమంతా ఒక్క చక్రం మీదే పడుతుంది. ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. తేడా తెలుసుకోవడానికి బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నాలుగైదు కిలోమీటర్లు నడిపి, మెల్లగా ఆపండి. నాలుగు చక్రాల దగ్గరా అరచేయి చాచి చూడండి. డిస్కును మాత్రం తాకవద్దు, చేయి కాలుతుంది. బ్రేకు వేయకపోయినా ఒక చక్రం మాత్రమే సెగలు కక్కుతుంటే అది పట్టేసినట్టు. బాగా బ్రేకులు వేసి వచ్చాక కూడా ఒకటి చల్లగా ఉంటే అది పనిచేయడం లేదన్నమాట. బ్రేకు వేసినప్పుడు బండి ఏ పక్కకు లాగుతుందో కూడా గమనించండి. బాగా పట్టే చక్రంవైపే లాగుతుంది.

పట్టేసిందని తేలితే, చల్లారాక, చదునైన నేల మీద వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ముందు చక్రాన్ని జాకీతో ఎత్తాలి. జాకీని ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి. ఒకరు పెడల్ తొక్కి వదలాలి, మరొకరు చక్రం తిప్పి చూడాలి. తిరగకపోతే మెకానిక్‌తో బ్లీడింగ్ నిపిల్ కాస్త వదులు చేయించండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందంటే, లోపల ఒత్తిడి చిక్కుకుపోయిందని అర్థం. ఒక్క చక్రానికే అలా ఉంటే రబ్బరు హోస్ పైపును అనుమానించాలి. పైపు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర ఉబ్బి దారి మూసుకుంటుంది. కాలితో తొక్కే బలానికి ఆయిల్ ముందుకు వెళ్తుంది, తిరిగి రావడానికి అంత బలం ఉండదు. రెండు ముందు చక్రాలూ పట్టేస్తే మాస్టర్ సిలిండర్‌నూ, పెడల్‌కు కొద్దిపాటి ఖాళీ ఆట ఉందా లేదా అన్నదీ చూడాలి.

నిపిల్ విప్పినా చక్రం వదలకపోతే కాలిపర్ పిస్టన్ తుప్పు పట్టి ఉంటుంది, లేదా కాలిపర్ జరిగే పిన్నులు బిగుసుకుని ఉంటాయి. అరిగిన ప్యాడ్లను పారేయకుండా పక్కపక్కన పెట్టి చూడండి. లోపలిది బాగా అరిగి బయటిది మందంగా ఉంటే ముందుగా ఆ పిన్నులనే చూడాలి.

వెనుక డ్రమ్ముల్లో హ్యాండ్‌బ్రేకు కేబుల్ తుప్పు పట్టడం మామూలే. వీల్ సిలిండర్ కారి లైనర్లు తడిసినా తేడా వస్తుంది. తడిసిన లైనర్లను ఎండబెట్టి మళ్లీ బిగించేవారున్నారు. అది పొదుపు కాదు, ప్రమాదం. రబ్బరు భాగాలను పెట్రోలుతో, కిరోసిన్‌తో కడగనివ్వకండి, ఉబ్బిపోతాయి. పాత లైనర్ల ధూళిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. ప్యాడ్లు మార్చేటప్పుడు రెండు వైపులా ఒకేసారి మార్చాలి.

మా బంధువు కారులో చివరికి దొరికింది ఎడమవైపు హోస్ పైపే. పట్టుకుంటే బాగానే ఉంది. కోసి చూస్తే దారి గుండుసూదంత కూడా లేదు. రెండువైపులా కొత్త పైపులు, కొత్త ఆయిల్ వేయించారు. ఇప్పుడు ఎక్కడికైనా వెళ్లి రాగానే పెద్ద పిల్లవాడు ముందు దిగి, నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూస్తున్నాడు.