పెట్టెలో చిక్కుకున్న పాట

వరంగల్ కాశిబుగ్గలో ఓ ఇంటి పిల్ల టీవీ పాటల పోటీలో పాడిందనుకుందాం. ప్రసారమయ్యే వేళకు నాన్న ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల దగ్గర ఉన్నా బెంగ లేదు, సెట్‌టాప్ బాక్స్ తనకు తగిలించిన పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసి పెడుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. దుబాయ్‌లో ఉన్న బాబాయికి పంపుదామని పెన్‌డ్రైవ్ తీసి లాప్‌టాప్‌కు పెడితే పాట కనబడదు. ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. అక్కడ పొరపాటున సరే అని నొక్కితే ఉన్నదీ పోతుంది.

అప్పటి టాటా స్కై 2008లో రికార్డింగ్ బాక్సును తెచ్చింది. తర్వాత మిగతా కంపెనీలూ ఆ దారి పట్టాయి. రికార్డయిన కార్యక్రమానికి బాక్స్ ఓ డిజిటల్ తాళం వేస్తుంది, దాని తాళంచెవి ఆ బాక్సులోనే ఉంటుంది. అందుకే అదే కంపెనీ బాక్స్ పక్కింట్లో ఉన్నా ఆ పెన్‌డ్రైవ్ అక్కడ ఆడదు. బాక్స్ చెడిపోతే రికార్డింగులూ దానితోనే పోతాయి.

మరి దారి? బాక్స్ వెనక ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు పెట్టే ఏవీ అవుట్ చూడండి. హెచ్‌డీఎంఐ నుంచి వచ్చే బొమ్మకు కాపీ కాకుండా అడ్డు ఉంటుంది, ఏవీ వైరులో చాలా బాక్సులకు ఆ అడ్డు లేదు. ఆ వైరును యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి, దాన్ని లాప్‌టాప్‌కు కలపాలి. ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. బాక్సులో పాట ప్లే చేసి, లాప్‌టాప్‌లో రికార్డు నొక్కాలి. గంట కార్యక్రమానికి గంటా కూర్చోవాల్సిందే, తొందరపెట్టే వీలు లేదు. బొమ్మ హెచ్‌డీ అంత స్పష్టంగా రాదు, పాట మాత్రం చక్కగా వినబడుతుంది. సెకనుకు 4 మెగాబిట్ల లెక్కన గంటకు దాదాపు 1.8 జీబీ అవుతుంది. ఎంపీ4గా దాచుకుంటే ఫోనులోనూ, టీవీలోనూ ఆడుతుంది. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో మాత్రం ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లలోని పెళ్లి వీడియోలకూ ఇదే పద్ధతి.

తీరిక వేళ చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే సోనీ బీటామ్యాక్స్ కేసులో తేల్చింది. మన కాపీరైట్ చట్టంలోనూ వ్యక్తిగత వాడకానికి కొంత వెసులుబాటు ఉంది. అయితే హక్కులను కాజేసే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొడితే 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. సినిమానో సీరియల్‌నో యూట్యూబ్‌లో పెట్టే ఆలోచన అసలే వద్దు.

బాక్స్ మారుస్తామని మెకానిక్ ఫోన్ చేస్తే వెంటనే సరే అనకండి. పాత బాక్సును ఇచ్చేసే ముందే అందులోని మీ పిల్లల పాటను బయటికి తీసి, రెండు చోట్ల దాచుకోండి.