వస్‌వసాకు జవాబివ్వకండి

జమాఅత్ నిలబడ్డాక కూడా వుజూ ముగించలేక హౌజు వద్దే ఉండిపోయేవారు మన పాతబస్తీ మసీదుల్లో అప్పుడప్పుడు కనిపిస్తారు. మోచేయి తడిసిందో లేదోనన్న సందేహం వారిని కదలనివ్వదు. చూసేవారు దానిని దైవభీతిగా భావిస్తారు. పెద్దలు దానిని వస్‌వసా అన్నారు. అది శ్రుతిమించితే ఓసీడీ అనే వ్యాధి కావచ్చు.

మళ్లీ కడిగితే మనసుకు క్షణకాలం ఊరట లభిస్తుంది. ఆ ఊరటే వ్యాధికి మేత. కడిగిన ప్రతిసారీ ఆ సందేహం నిజమేనని మనసు నమ్ముతుంది. కనుక వైద్యులు, సందేహం ఉండగానే కడగకుండా ఆగే సాధన చేయిస్తారు. క్రమంగా ఆందోళన దానంతటదే సన్నగిల్లుతుంది.

నిశ్చయం సందేహంతో తొలగిపోదన్నది ఫిఖ్హ్ సూత్రం. నమాజులో వుజూ భంగమైందన్న అనుమానం కలిగితే, శబ్దమో వాసనో తెలిసేవరకు నమాజు విడువరాదని దైవప్రవక్త (సల్లం) బోధించారు. ఆయన వుజూకు ఒక ముద్, అంటే లీటరుకన్నా తక్కువ నీరు సరిపోయేది. 934లో మరణించిన పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ, ఇటువంటి ఆలోచనల చికిత్సకు తన గ్రంథంలో ఒక అధ్యాయమే కేటాయించారు.

ఇంటివారూ గమనించాలి. ‘నా వుజూ అయిందా?’ అని పదేపదే అడిగితే, పదేపదే భరోసా ఇవ్వడమూ మేత వేయడమే. ఎగతాళి చేయకండి. ‘ఇది వస్‌వసా, నమాజుకు పద’ అని ప్రేమతో ఒక్కసారి చెప్పండి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వెళ్లడం సిగ్గుచేటు కాదు. టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మూడుసార్లు కడగండి. నాలుగోసారి కడగమనే సందేహాన్ని హౌజు వద్దే వదలి, సఫ్‌లో నిలబడండి.