విమాన నిర్మాణమున అంగుళము, మిల్లీమీటరు

మన పిల్లలు బడిలో మీటరును, కిలోగ్రామును నేర్చుకొనుచున్నారు. ఇంటికి వచ్చి వినునది అడుగులు, అంగుళములు. సిరొంచలో గుమ్మము చేయించువారు వడ్రంగికి కొలతను అడుగులలోనే చెప్పెదరు. అంగుళములో ఎనిమిదవ పాలును ఆతడు సూతు అనును. ప్రాణహిత గోదావరిలో కలిసిన పిమ్మట దిగువనున్న మేడిగడ్డ బ్యారేజి విషయమున నీటిమట్టమును మీటర్లలోను, నీటి పరిమాణమును టీఎంసీలలోను చెప్పుదురు. టీఎంసీ యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. ఇట్లు రెండు కొలతలుండగా పిల్లవానికి ఏది నేర్పవలెనని తల్లిదండ్రులు అడుగుట సహజము. ఆ ప్రశ్నకు సమాధానము విమానముల కర్మాగారములలో స్పష్టముగా కానవచ్చును.

మన దేశమున తూనికలు, కొలతల ప్రమాణ శాసనము 1956లో వచ్చెను. 1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ పద్ధతి క్రమముగా అమలులోనికి వచ్చి అంగడి మారెను. కర్మాగారము అంత సులభముగా మారలేదు. బెంగుళూరులో బ్రిటిషువారి నాట్ యుద్ధవిమానమును అంగుళముల పటములతో నిర్మించుచుండగా, మన మహారాష్ట్రలోనే నాసిక్ చెంత ఓఝర్‌లో సోవియట్ మిగ్-21 కొరకు మిల్లీమీటర్ల కర్మాగారము వెలసెను. 1964లో ఈ రెండును హిందుస్థాన్ ఏరోనాటిక్స్ అను ఒక్క సంస్థ క్రిందికి వచ్చెను. ఒక్క యజమాని, రెండు కొలబద్దలు! పావు అంగుళపు బోల్టు 6.35 మిల్లీమీటర్లు. ఆ రంధ్రమున 6 మిల్లీమీటర్ల బోల్టు పెట్టినచో కంటికి సరిపోయినట్లే యుండును. కాని రెక్కల ఎడతెగని అదురునకు ఆ కొద్ది సందు చాలును.

నేడును స్థితి అట్లే యున్నది. హైదరాబాదు చెంత ఆదిభట్లలో టాటా-బోయింగ్ సంస్థ 2018 నుండి అపాచీ హెలికాప్టరు దేహమును తయారు చేయుచున్నది. అమెరికావారి రివెట్టు భాగసంఖ్య చివర 4-6 అని యుండును. మొదటి అంకె వ్యాసమును అంగుళపు 32వ పాళ్లలోను, రెండవది నిడివిని 16వ పాళ్లలోను తెలుపును. 32లో 4 పాళ్లనగా అంగుళములో ఎనిమిదవ వంతు, అనగా మన వడ్రంగి సూతే! అది 3.175 మిల్లీమీటర్లు. ఐరోపావారి ఎయిర్‌బస్ పటములు మిల్లీమీటర్లలో నున్నను, అందును అంగుళపు రివెట్లు అనేకము.

అందరును ఒక్క కొలతకు ఏల మారరు? విమానము ముప్పది, నలువది యేండ్లు ఎగురును. అంతకాలము దానికి మార్పిడి భాగములు కావలెను. కొలత మార్చిన ప్రతి భాగమును మరల పరీక్షించి ఆమోదము పొందవలెను.

మార్పిడి ఎంత కష్టమో సోవియట్ వారికి తెలిసివచ్చినది. 1944లో అమెరికా బి-29 విమానములు మూడు వ్లాదివోస్తోక్ ప్రాంతమున దిగగా, వానిని యథాతథముగా నకలు చేయుడని స్టాలిన్ ఆజ్ఞాపించెను. భారము టుపొలెవ్ పై పడెను. బి-29 పైతొడుగు రేకు మందము అంగుళములో 16వ పాలు, అనగా 1.5875 మిల్లీమీటర్లు. అట్టి రేకు అచ్చట లేదు. పలుచనిది వేసిన బలము చాలదు, మందమైనది వేసిన బరువు పెరుగును. తుదకు ఇంజనీర్లు ఒక్కొక్క భాగముపై పడు ఒత్తిడిని వేరువేరుగా లెక్కించి, 0.8 నుండి 1.8 మిల్లీమీటర్ల వరకు గల రేకులను ఎంచిరి. టు-4 అను ఆ విమానము 1947 మేలో ఎగిరెను. బరువు బి-29 కంటె స్వల్పముగనే అధికము.

లెక్క తప్పిన సందర్భమును గలదు. 1983 జూలై 23న ఎయిర్ కెనడావారి బోయింగ్ 767కు 22,300 కిలోగ్రాముల ఇంధనము కావలసియుండెను. లీటరు బరువు సుమారు 0.8 కిలోగ్రాము. దానికి బదులు పౌనుల లెక్కయైన 1.77తో గుణించిరి. సగమునకు తక్కువ ఇంధనముతో బయలుదేరిన విమానము ఆకాశముననే ఇంజన్లు ఆగిపోగా, గిమ్లీ అను పాత వైమానిక స్థావరమున జారుచు దిగెను. అందున్న 69 మందియు బ్రతికిరి.

కాన పిల్లవానికి రెండు కొలతలును, వాని నడుమ వంతెనయు నేర్పవలెను. ఆ వంతెన 25.4. అంగుళమునకు సరిగా 25.4 మిల్లీమీటర్లని 1959 జూలై 1 నుండి ఆంగ్లభాషా దేశములు అంగీకరించినవి. రేపు ఐ.టి.ఐ.లో చేరిన పిల్లవాని చేతికి ఇచ్చు వెర్నియర్ కాలిపరుపై ఒక అంచున మిల్లీమీటర్లు, మరొక అంచున అంగుళములు ఉండును. అంతవరకు, ఈ సెలవులలో ఇంటి గుమ్మమును రెండు విధముల కొలిపించి, ప్రతి అంకె ప్రక్కను దాని కొలత పేరు వ్రాయించుడు.